రేంజ్‌ఫైండర్‌కి 35 ఉన్నాక ఇంకా వైడ్ లెన్స్ కొనాలా?

జవాబంతా మీరు చెప్పిన వివరాల మీదే ఆధారపడి ఉంది కాబట్టి ముందు వాటిని ఒకసారి చెప్పుకుందాం. మీ దగ్గర లైకా ఎం6 అనే రేంజ్‌ఫైండర్ ఫిల్మ్ కెమెరా ఉంది, అంటే లెన్స్ గుండా కాకుండా పక్కనున్న చిన్న కిటికీలో (ఫైండర్‌లో) చూస్తూ, అందులో కనిపించే రెండు బొమ్మల్ని ఒకటి చేసి ఫోకస్ చేసే కెమెరా. దాని ఫైండర్ 0.72, అంటే అందులో వస్తువులు కంటికి కనిపించే సైజులో 0.72 వంతు కనిపిస్తాయి. లెన్స్ ఒక్కటే, 35 ఎంఎం ఎఫ్/2 (ఎంఎం అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెడల్పు పడుతుంది, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుతురు రానిస్తుంది). హైదరాబాద్‌లో ఉంటారు. పాతబస్తీ వీధుల్లో తీస్తారు, ఇంట్లో తీస్తారు, చుట్టాల పెళ్లిళ్లలోనూ ఫిల్మ్ మీదే తీస్తారు. కళ్లద్దాలు పెట్టుకుంటారు. చాలాసార్లు ఫ్రేమ్‌లో పట్టడం లేదనిపిస్తోంది. 21 ఎఫ్/4 తీసుకోవాలా, 28 ఎఫ్/2.8 తీసుకోవాలా, అసలు అవసరమా అన్నది మీ ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 21 ఇప్పుడు వద్దు. 28 కొనుక్కోవచ్చు, కానీ పట్టడం లేదన్న కారణం ఒక్కటీ చాలదు. మీకు పట్టడం లేదనిపిస్తున్న ఫొటోల్లో కొన్నిటికి లెన్స్‌తో సంబంధమే ఉండకపోవచ్చు. అది తేలకుండా డబ్బు పెడితే కొత్త లెన్స్ వచ్చాక కూడా ఇదే అసంతృప్తి మిగులుతుంది.

ఎం6 ఫైండర్‌లో ఫ్రేమ్ హద్దు చూపించే తెల్లగీతలు 0.7 మీటర్ల దూరానికి సరిపడేట్టు గీసినవి. దగ్గరికి ఫోకస్ చేసేకొద్దీ లెన్స్ ముందుకు జరుగుతుంది, అది పట్టే మేర కొంచెం తగ్గుతుంది. దగ్గరి ఫొటోలో ఏదీ తెగిపోకూడదని ఆ తగ్గిన మేరకే గీత పెట్టారు. దాంతో మీరు ఎదురుగా అయిదారు మీటర్ల దూరంలో ఉన్న గాజుల కొట్టుని తీస్తే, గీతకి అవతల ఉన్నది కూడా నాలుగు వైపులా కొంత నెగెటివ్ మీద పడుతుంది. మీరు మాత్రం గీతనే నమ్మి, పట్టడం లేదని వెనక్కి జరుగుతారు. పైగా ల్యాబ్‌లో స్కాన్ చేసేటప్పుడు నెగెటివ్ అంచులు కాస్త కత్తిరించేస్తారు. అంటే లెన్స్ పట్టినదాంట్లో కొంత మీరు చూడలేదు, ఇంకొంత ల్యాబ్ మీకు ఇవ్వలేదు. ఒక రోల్ నెగెటివ్‌లు కిటికీ వెలుగులో పట్టుకుని, భూతద్దంతో అంచులు చూస్తూ స్కాన్‌తో పోల్చండి. స్కాన్‌లో సగం తెగిన మనిషి నెగెటివ్‌లో పూర్తిగా ఉన్న సందర్భాలు కనిపిస్తే, అంచుల దాకా స్కాన్ చేయమని ల్యాబ్‌లో అడగండి. దీనికి ఖర్చేమీ లేదు.

తర్వాత మీరు ఈ ఏడాది తీసిన రోల్స్ అన్నీ ముందు వేసుకుని కూర్చోండి. కాంటాక్ట్ షీట్లు ఉంటే మరీ మంచిది, లేకపోతే స్కాన్లే చిన్నవిగా ఒక పేజీ మీద పరుచుకోండి. బాగా వచ్చినవాటిని వదిలేయండి. బాగా రానివాటిలో ప్రతి ఫ్రేమ్ దగ్గరా ఒక్కటే అడగండి: అక్కడ నా వెనక గోడ ఉందా, లేక వెనక్కి జరగగలిగీ జరగలేదా? గోడో, గుంపో, మెట్లో నిజంగా అడ్డం ఉన్న ఫ్రేముల మీద మాత్రమే గుర్తు పెట్టండి. ఇంకో రంగు పెన్సిల్‌తో, మీ మనిషి చుట్టూ ఏమీ లేని ఖాళీ మిగిలిపోయిన ఫ్రేముల మీద గుర్తు పెట్టండి. వీధి ఫొటోలు తీసేవాళ్లకి సాధారణంగా ఈ రెండో రంగే ఎక్కువ పడుతుంది. మీకూ అలాగే పడితే వైడ్ లెన్స్ మీ ఫొటోల్ని ఇంకా ఖాళీ చేస్తుంది. అప్పుడు మీకు కావలసింది ఒక అడుగు ముందుకు వేయడం, దానికి 35 చాలు.

మొదటి రంగు గుర్తులు ఎక్కువ పడ్డాయనుకుందాం. ఎంత వైడ్ కావాలన్నది ఇక లెక్క. 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమ్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఎంత దూరంలో ఉంటే ఎంత వెడల్పు పడుతుందో తెలియాలంటే దూరాన్ని 36తో గుణించి లెన్స్ ఎంఎంతో భాగిస్తే సరి. మన అపార్ట్‌మెంట్లలో పడకగది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు అనుకోండి. పొడవు గోడకి వీపు ఆనించి నిలబడితే కెమెరాకీ ఎదుటి గోడకీ మధ్య తొమ్మిది అడుగులు మిగులుతాయి. అక్కడి నుంచి 35 తొమ్మిదింపావు అడుగుల గోడని చూపిస్తుంది. 28 పదకొండున్నర చూపిస్తుంది, అంటే గోడ దాదాపు మొత్తం వచ్చేస్తుంది. 21 పదిహేనుకి పైగా. కాబట్టి మామూలు ఇంటి గదికి 28 సరిపోతుంది. 21 పెడితే పక్క గోడలు, పైన ఫ్యాను, కింద చెప్పులు కూడా ఫ్రేమ్‌లోకి వస్తాయి. వాటన్నిటికీ ఫొటోలో ఒక పని ఇవ్వగలిగితేనే 21 పనికొస్తుంది.

ఇంతవరకు ఎంత పడుతుందనే చెప్పాను. కానీ వైడ్ లెన్స్ నిజంగా మార్చేది మీరు నిలబడే చోటుని. అందుకే ఈ విషయం కొంచెం ఓపిగ్గా చదవండి.

తలంబ్రాల సమయం తీసుకోండి. వధూవరులు ఎదురెదురుగా కూర్చున్నారు, మీరు పక్క నుంచి తీస్తున్నారు. ఇద్దరూ పట్టాలంటే వాళ్లున్న చోట రెండు మీటర్ల వెడల్పు కావాలి. 35తో అయితే దాదాపు రెండు మీటర్ల దూరంలో నిలబడాలి. సరిగ్గా అక్కడే వీడియో వాళ్ల లైట్ స్టాండు ఉంటుంది, దాని పక్కన ఫోన్లు ఎత్తిన బంధువులు ఉంటారు. మీ ముందుకి ఎవరిదో ఒక మోచెయ్యి రావడం ఖాయం. 28తో మీటరున్నర దగ్గరికి వస్తారు. ఆ అర మీటరే మిమ్మల్ని ఆ గుంపుకి ఇవతలకి, మండపం అంచుకి తెస్తుంది. ఇక 21తో అయితే మీటరు పైన కొద్దిగా, అంటే పురోహితుడి పక్కనే కూర్చోవాలి. సొంత అన్నయ్య పెళ్లిలో తప్ప అది మర్యాదగా ఉండదు.

దగ్గరికి వెళ్లేకొద్దీ వస్తువుల పరిమాణాలు ఒకదానితో ఒకటి మారిపోతాయి. పెళ్లికూతురు తలంబ్రాలు పోయడానికి చెయ్యెత్తినప్పుడు ఆ చెయ్యి ఆమె ముఖం కన్నా మీ వైపు ఒక అరవై సెంటీమీటర్లు ముందుకి వచ్చిందనుకోండి. 35తో నిలబడిన చోట నుంచి ఆ చెయ్యి, ముఖం దగ్గరే ఉంటే కనిపించేదానికి ఒకటిన్నర రెట్లు కనిపిస్తుంది. 28తో నిలబడిన చోట నుంచి 1.6 రెట్లు. 21తో రెండు రెట్లు. వెనక మూడు మీటర్ల దూరంలో నిలబడిన మేనమామ అదే క్రమంలో చిన్నవాడైపోతాడు. 28 దగ్గర ఆ చెయ్యి, దాంట్లోంచి జారుతున్న బియ్యం ఫొటోకి ఊపునిస్తాయి. 21 దగ్గర చెయ్యే ఫొటో అవుతుంది, ముఖం దాని వెనక ఉండిపోతుంది. ఇది లెన్స్ నాణ్యతకి సంబంధించింది కాదు. ఎంత ఖరీదు పెట్టి కొన్నా, అక్కడ నిలబడిన ఏ కన్నైనా చూసేది అదే.

అంచుల సంగతి వేరు. తిన్నటి గీతలు వంగిపోకుండా వచ్చేలా చేసిన ఏ వైడ్ లెన్స్ అయినా ఫ్రేమ్ అంచుల్లో ఉన్న గుండ్రటి వస్తువుల్ని బయటికి లాగుతుంది. ఎడమ, కుడి అంచుల దగ్గర ఆ సాగుడు 35లో సుమారు 12 శాతం, 28లో 20 శాతానికి కొంచెం తక్కువ, 21లో 30 శాతం దాటుతుంది. ఇది జ్యామితి, ఏ కంపెనీ కూడా తప్పించలేదు. 12 శాతం ఎవరికీ కనిపించదు. 20 శాతాన్ని ముఖం మరీ అంచుకి వెళ్లకుండా చూసుకుంటే సర్దుకోవచ్చు. 30 శాతం సాగిన ముఖాన్ని మాత్రం ఆ ముఖం గలవాళ్లు వెంటనే గుర్తుపడతారు. పెళ్లిలో గ్రూపు ఫొటో తీస్తే రెండు చివర్లలో నిలబడేది సాధారణంగా పెద్దవాళ్లూ పిన్నులూ అత్తలూ. తమ చెంపలు అంత వెడల్పుగా ఉన్న ఫొటోని ఎవరూ ఇంట్లో పెట్టుకోరు. రేంజ్‌ఫైండర్‌తో ఇంకో చిక్కు ఏమిటంటే ఈ సాగుడు మీకు తీసేటప్పుడు కనిపించదు. ఎస్ఎల్ఆర్‌లోలా మీరు లెన్స్ గుండా చూడడం లేదు కదా, పక్కనున్న కిటికీ గుండా చూస్తున్నారు. అందులో అందరి ముఖాలూ మామూలుగానే ఉంటాయి. రోల్ కడిగాకే తెలుస్తుంది.

మనుషుల్ని తీసేవాళ్లకి 28 చివరి గట్టు అని నేను నమ్ముతాను. దీన్ని కాదనేవాళ్లు ఉన్నారు, వాళ్లలో గొప్పగా తీసేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నేను పెళ్లిళ్లు, ఇళ్లు ఎక్కువగా 28తోనే తీశాను. ఆ దూరం మనుషులతో మాట్లాడే దూరమే కాబట్టి నాకు నచ్చుతుంది. న్యూయార్క్ వీధుల్లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ లైకాతో అంత పని చేసింది ప్రధానంగా 28తోనే. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియర్ బ్రెసాన్ జీవితమంతా దాదాపు 50కే కట్టుబడ్డాడు. ఇద్దరిదీ వీధే. తేడా ఎవరు ఎంత దగ్గరికి వెళ్లారన్నదాంట్లో ఉంది. వీధిలో మీరు సహజంగా ఎంత దూరంలో ఆగుతారో మీకే తెలుసు. మూడు మీటర్ల దగ్గర ఆగిపోయే అలవాటు ఉంటే 28తో మీ ఫొటోల్లో మనుషులు చిన్నగా, రోడ్డు పెద్దగా వస్తాయి.

ఇప్పుడు కళ్లద్దాల విషయం. మీ నిర్ణయాన్ని అన్నిటికన్నా గట్టిగా మార్చగలిగేది ఇదే.

0.72 ఎం6లో 28 గీతలు ఉంటాయి, 90 గీతలతో కలిసి వస్తాయి. కానీ అవి ఫైండర్ అంచుకి దాదాపు ఆనుకుని ఉంటాయి. కళ్లద్దాలు లేనివాళ్లు కన్ను బాగా దగ్గరగా పెడితే నాలుగు వైపులా చూడగలరు. కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లకి కన్ను ఒక సెంటీమీటరు పైచిలుకు వెనక్కి ఉంటుంది. దాంతో ఎడమ గీత చూడాలంటే కుడి గీత పోతుంది, కుడి గీత చూడాలంటే ఎడమది పోతుంది. 28 ఫ్రేమ్‌ని ఒక్క చూపులో చూడలేకపోతే ఆ లెన్స్ పెట్టి వీధిలో తీయడం ఊహతో తీయడమే.

మంచి విషయం ఏమిటంటే దీన్ని పరీక్షించడానికి లెన్స్ అక్కర్లేదు. లెన్స్ బిగించే చోటు పక్కన ఒక చిన్న లీవర్ ఉంది కదా, దాన్ని అటూ ఇటూ తోసి చూడండి. ఒక వైపు తోసినప్పుడు అన్నిటికన్నా బయటి గీతలు, లోపల చిన్న 90 గీతలు కలిసి కనిపిస్తాయి. ఆ బయటివే 28. మీ కళ్లద్దాలతోనే, మీ ఇంట్లోనే, ఆ లీవర్‌ని వేలితో పట్టుకుని గదులన్నీ తిరగండి. లాడ్ బజార్‌కి వెళ్లినప్పుడు ప్రతి ఫొటోకి ముందు ఒకసారి తోసి చూడండి, తర్వాత వదిలేసి 35లోనే తీయండి. చాలా చోట్ల 35 ఫ్రేమే బిగువుగా ఉందని మీకు తోస్తే, మీ ప్రశ్నకి జవాబు పైసా ఖర్చు లేకుండా దొరికినట్టే.

కళ్లద్దాలతో 28 గీతలు కనిపించకపోతే మూడు దారులున్నాయి. ఐపీస్‌కి బిగించే డయాప్టర్ లెన్స్ దొరుకుతుంది, దానితో కళ్లద్దాలు తీసేసి చూడొచ్చు. మీకు సిలిండర్ పవర్ ఎక్కువగా ఉంటే మాత్రం అది పనిచేయదు, అది మామూలు ప్లస్, మైనస్ పవర్‌నే సరిచేస్తుంది. పైగా వీధిలో మాటిమాటికీ కళ్లద్దాలు తీసి పెట్టుకోవడం విసుగు. రెండో దారి, పైన ఫ్లాష్ షూలో పెట్టుకునే 28 ఫైండర్. అందులో చూస్తే పెద్దగా, స్పష్టంగా ఉంటుంది, కళ్లద్దాలతో చూసుకోవచ్చు. కానీ ఫోకస్ కింద కిటికీలో, ఫ్రేమ్ పై కిటికీలో చేసుకోవాలి. అంతేకాదు, ఎం6 లోపలి గీతలు మీరు దగ్గరికి ఫోకస్ చేసేకొద్దీ వాటంతట అవే జరిగి పారలాక్స్‌ని, అంటే ఫైండర్ చూసేదానికీ లెన్స్ చూసేదానికీ మధ్య తేడాని, సరిచేస్తాయి. పైన పెట్టిన ఫైండర్ అలా చేయదు. అది లెన్స్‌కి కొన్ని సెంటీమీటర్లు పైన ఉంటుంది కాబట్టి మీటరు దూరంలో మనిషిని తీస్తే తల పైభాగం అనుకున్నదానికన్నా తెగుతుంది. ఫ్లాష్ పెట్టే చోటు కూడా అదే తీసేసుకుంటుంది, పెళ్లిళ్లు తీసేవాళ్లకి అది చిన్న విషయం కాదు. మూడో దారి, గీతల్ని వదిలేసి ఫైండర్‌లో కనిపించినంతా ఫ్రేమే అనుకోవడం. 28 గీతలే లేని పాత ఎం2, ఎం4 వాళ్లు ఇలాగే మొత్తం ఫైండర్‌ని 28గా వాడేవాళ్లు. కళ్లద్దాలతో ఇది కూడా సగం ఊహే, కానీ అలవాటైతే బాగానే పని చేస్తుంది.

21కి ఎం6లో గీతలే లేవు కాబట్టి పైన ఫైండర్ తప్పనిసరి. లెన్స్ ధరకి దాని ధర కలుపుకోండి.

వెలుతురు గురించి కూడా ఆలోచించాలి, ఎందుకంటే మీరు ఎఫ్/2 నుంచి దిగుతున్నారు. ట్యూబులైట్లు వేసిన మామూలు ఇంటి గదిలో ఐఎస్ఓ 400 ఫిల్మ్‌కి ఎఫ్/2 దగ్గర షట్టర్ వేగం 1/60 సెకను వస్తుందనుకోండి. 28 ఎఫ్/2.8తో అది 1/30 అవుతుంది, 21 ఎఫ్/4తో 1/15. లెన్స్ వైడ్ అయ్యేకొద్దీ చెయ్యి వణుకు తక్కువ కనిపిస్తుందన్నది నిజమే. రేంజ్‌ఫైండర్‌లో ఎస్ఎల్ఆర్‌లోలా లోపల అద్దం లేచి కొట్టుకోవడం ఉండదు కాబట్టి 1/15 చేతిలో పట్టుకుని తీయొచ్చు. కానీ చేతి వణుకు వేరు, ఎదుటివాళ్ల కదలిక వేరు. 1/15లో తాతయ్య కుర్చీలో కూర్చుంటే ఫొటో వస్తుంది, మనవడు పరిగెత్తితే మరక వస్తుంది. ఇల్ఫోర్డ్ హెచ్‌పి5 లాంటి ఫిల్మ్‌ని 1600కి పుష్ చేస్తే, అంటే 1600 అనుకుని తీసి ఎక్కువసేపు డెవలప్ చేస్తే, రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) తిరిగి సంపాదించుకోవచ్చు. కలర్ నెగెటివ్‌కి ఆ వెసులుబాటు అంత ఉండదు.

మూలలు చీకటిపడడం కూడా ఉంది. ఏటవాలుగా వచ్చే కాంతి ఫిల్మ్ మూలల్లో తగ్గుతుంది. 21 లాంటి లెన్స్‌లో ఆ సూత్రం ప్రకారమే మూలల్లో రెండు స్టాప్‌ల దాకా పోవచ్చు, 28లో ఒకటిన్నరకి లోపు. నెగెటివ్ ఫిల్మ్ మీద ఇది పెద్ద ఇబ్బంది కాదు, నాకైతే కొన్ని ఫొటోల్లో బాగుంటుంది కూడా.

ఇక వెలుతురు కొలిచే మీటర్. ఎం6 మీటర్ షట్టర్ తెర మీద ఉన్న తెల్లటి చుక్క నుంచి వచ్చే వెలుతురుని చదువుతుంది. ఆ చుక్క వ్యాసం 12 మిల్లీమీటర్లు, ఫ్రేమ్‌లో సుమారు 13 శాతం. వైడ్ లెన్స్ పెట్టినప్పుడు ఆ 13 శాతంలోనే ఎక్కువ మేర ఇరుక్కుంటుంది. పాతబస్తీ సందుల్లో పైన తెల్లటి ఆకాశం, కింద నీడ కాబట్టి ఆకాశం కొంచెం దూరినా మనుషులు నల్లగా వస్తారు. కెమెరా కిందికి వంచి నేల మీద కొలుచుకుని, తర్వాత ఎత్తి తీయడం అలవాటు చేసుకోండి. పాత 21లలో కొన్నిటి వెనక గాజు లోపలికి బాగా చొచ్చుకొచ్చి మీటర్‌కే అడ్డుపడుతుంది. మీరు పాత 21 చూస్తుంటే ఇది తప్పకుండా కనుక్కోవాలి.

పగటి పూట వీధిలో మాత్రం వైడ్ లెన్స్ ఇచ్చే సుఖం నిజమైనది. 28ని ఎఫ్/8లో పెట్టి 3.3 మీటర్లకి ఫోకస్ చేసి వదిలేస్తే, మీటరున్నర కన్నా కాస్త ఎక్కువ దూరం నుంచి అనంతం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. అదే ఎఫ్/8 దగ్గర 35తో అయితే 5.1 మీటర్లకి పెట్టాలి, దగ్గరి హద్దు రెండున్నర మీటర్లకి పోతుంది. 21తో ఒక మీటరు లోపు నుంచే అంతా ఫోకస్‌లో ఉంటుంది, అసలు ఫోకస్ చేసే పనే ఉండదు. మదీనా సెంటర్ దగ్గర గుంపులో నడుస్తూ తీసేవాడికి ఇది చాలా పెద్ద విషయం. ఎంత పడుతుందన్న దానికన్నా, ఫోకస్ గురించి టెన్షన్ లేకుండా మనుషుల్ని చూస్తూ తీయగలగడం కోసం 28 కొంటాను అంటే, ఆ కారణం నాకు బాగా నచ్చుతుంది.

21ని పూర్తిగా కొట్టిపారేయడం లేదు. మీరు ప్రధానంగా కట్టడాలు తీసేవాళ్లయితే నా జవాబు తిరగబడేది. రేంజ్‌ఫైండర్‌లో అద్దం లేదు కాబట్టి లెన్స్ వెనక గాజుని ఫిల్మ్‌కి బాగా దగ్గరగా పెట్టొచ్చు. దానివల్లే ముందూ వెనకా దాదాపు సమానంగా ఉండే డిజైన్లు వీలయ్యాయి. లుడ్విగ్ బెర్టెలే రూపొందించిన జైస్ 21 ఎంఎం బయోగాన్ 1950లలో కాంటాక్స్ రేంజ్‌ఫైండర్‌కి వచ్చింది ఆ పద్ధతిలోనే. గోడలు, స్తంభాలు వంకరపోకుండా గీసినట్టు వస్తాయి. పైగా లెన్స్ చిన్నగా ఉంటుంది. హైదరాబాద్‌లోని పైగా నవాబుల సమాధుల్లో (పైగా టూంబ్స్) ఆ జాలీ పనిని, గోల్కొండ లోపలి కమానుల్ని 21తో తీస్తే చూడముచ్చటగా ఉంటాయి. కానీ కెమెరా కొంచెం పైకి వంచారంటే గోడలు లోపలికి వాలిపోతాయి, ఆ వాలుడు ఫైండర్‌లో మీకు సరిగ్గా తెలియదు. చార్మినార్ కింద నిలబడి మినార్ల కొస దాకా పట్టించాలని 21 కొంటే నాలుగు మినార్లూ పైన ఒకదాని మీదకొకటి వంగిన ఫొటోలే వస్తాయి. దానికన్నా దూరంగా వెళ్లో, ఎదురుగా ఉన్న ఏదైనా మేడ మీదికి అనుమతి అడిగి ఎక్కో 35తో తీయడం మేలు.

లీవర్ పరీక్ష తర్వాత కూడా సందేహం ఉంటే, ఒక రోజుకి ఏదైనా ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరాని 24-70 జూమ్‌తో అద్దెకి తీసుకోండి. మన ఊళ్లో అవి తేలిగ్గా దొరుకుతాయి. జూమ్‌ని 28 దగ్గర పెట్టి టేప్ అంటించేయండి, రోజంతా తిప్పకండి. మీ ఫోన్ కూడా కొంతవరకు పనికొస్తుంది. ఫోన్లలో మామూలు కెమెరా ఎక్కువగా 24, 26 ఎంఎం ప్రాంతంలో ఉంటుంది. ఐఫోన్ 15 ప్రో లాంటి వాటిలో 24, 28, 35 అని విడిగా ఎంచుకునే వీలుంది. మీ ఫోన్ ఫొటోలు చూసి మీకు ఎప్పుడూ ఇంకా వైడ్ కావాలనిపించకపోతే, ఇంకా దగ్గరగా ఉంటే బాగుండేదనిపిస్తే, అదీ ఒక ఆధారమే.

వేరే కెమెరాలున్నవాళ్లకి క్లుప్తంగా. యాషికా ఎలక్ట్రో 35, క్యాననెట్ లాంటివాటిలో లెన్స్ మార్చడం కుదరదు, కాబట్టి ప్రశ్నే లేదు. లైకా ఎం3లో అన్నిటికన్నా వైడ్ గీత 50, ఎం2లో 35, 28 గీతలు ఎం4-పి నుంచి వచ్చాయి. జైస్ ఐకాన్‌లోనూ మినోల్టా సిఎల్ఈలోనూ 28 ఉంది. 21 గీతలు లోపలే కావాలంటే వోయిట్‌లాండర్ బెస్సా ఆర్4 ఉంది, దాని ఫైండర్ 0.52 కాబట్టి కళ్లద్దాలవాళ్లకీ హాయి. డిజిటల్ వాళ్లు లైకా ఎం8లో 28 పెడితే అది 37లాగా పనిచేస్తుందని గుర్తుంచుకోండి, దాని సెన్సార్ చిన్నది. ఫిల్మ్ కోసం చేసిన వైడ్ లెన్సులు కొన్ని డిజిటల్ సెన్సార్ మీద అంచుల్లో రంగు మార్చేస్తాయి, ఆ బెడద ఫిల్మ్ వాళ్లకి లేదు.

కాబట్టి మీ విషయంలో: రోల్స్ చూసుకుని, లీవర్‌తో కొన్ని వారాలు తిరిగి, 28 గీతలు మీకు కనిపిస్తున్నాయని నిర్ధారించుకుని, అప్పటికీ కావాలనిపిస్తే ఎఫ్/2.8 ఉన్న చిన్న 28 తీసుకోండి. లైకా ఎల్మారిట్, జైస్ బయోగాన్, వోయిట్‌లాండర్ కలర్ స్కోపార్, మూడూ పని చేసే లెన్సులే. మీరు తీసే ఫొటోల్లో వాటి మధ్య తేడా కన్నా మీరు ఒక అడుగు అటూ ఇటూ నిలబడడంలో తేడా ఎక్కువ. ఎఫ్/2 ఉన్నవి పెద్దవి, బరువైనవి, ఫైండర్‌లో కింది కుడి మూలని హుడ్‌తో సహా కప్పేస్తాయి. 28కి ఆ మూల చాలా ముఖ్యం. కొన్నాక కొంతకాలం 35ని బీరువాలో పెట్టేసి 28 ఒక్కటే వాడండి. 35కీ 28కీ దూరం తక్కువ, రెండూ సంచిలో ఉంటే ఏది పెట్టాలన్న ఆలోచనలోనే ఫొటో పోతుంది.

పాతది కొంటుంటే కొన్ని చూసుకోవాలి. లెన్స్‌ని వెనక నుంచి టార్చి వేసి చూస్తే సాలెగూడు లాంటి ఫంగస్, పొగలాంటి తెర ఉన్నా తెలిసిపోతాయి. విశాఖ, విజయవాడ, చెన్నై వైపు నుంచి వచ్చే లెన్సుల్లో తేమ వల్ల ఇది ఎక్కువ, మరింత జాగ్రత్తగా చూడండి. అపర్చర్ రెక్కల మీద నూనె మెరుపు ఉండకూడదు. ఫోకస్ రింగ్ అంతటా ఒకే బిగువుతో తిరగాలి. మీ కెమెరాకి పెట్టి, బాగా దూరంలో ఉన్న సెల్ టవర్‌ని చూస్తూ అనంతం దాకా తిప్పండి. ఫైండర్‌లో రెండు బొమ్మలు సరిగ్గా ఒకటవ్వాలి. ముందు మీ 35తో కూడా ఇదే చూడండి, అప్పుడు తేడా లెన్స్‌దా కెమెరాదా అన్నది తెలుస్తుంది. విదేశాల నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకోండి.

పాత స్క్రూ మౌంట్ 28 అయితే ఎం అడాప్టర్ కావాలి. అడాప్టర్లు ఏ గీతలు తేవాలన్నదాన్ని బట్టి వేర్వేరుగా ఉంటాయి. మీకు కావలసింది 28, 90 గీతలు తెచ్చేది. అమ్మేవాళ్లు 50, 75ది పెట్టి ఇస్తే లెన్స్ బిగుసుకుంటుంది, ఫోకస్ కూడా అవుతుంది, కానీ ఫైండర్‌లో తప్పు గీతలు వస్తాయి. దుకాణంలోనే బిగించి, ఫైండర్‌లో బయటి గీతలు వచ్చాయో లేదో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.